ఒడియా, బెంగాలీ కూలీ కుటుంబాలకు ఊరి గ్రంథాలయం: అమెరికాలో స్పానిష్ వాళ్లకు చేస్తున్నట్టు ఇక్కడ చెయ్యాలంటే?

కాలువగట్టు:

అందరికీ నమస్కారమండి. ఉండి, ఆకివీడు మధ్య ఒక ఊళ్లో శాఖా గ్రంథాలయానికి తోడుగా కొందరం కలిసి పనిచేస్తున్నాం. చుట్టూ రొయ్యల చెరువులు, చేపల చెరువులు. కాలువ దాటితే ఇటుక బట్టీలు, రోడ్డు మీద రొయ్యల ప్లాంటు. చెరువు గట్ల మీద షెడ్లలో ఉండి మేత వేసేవాళ్లు, రాత్రిళ్లు చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్లు చూసుకునేవాళ్లు చాలావరకు ఒడిశా, బెంగాల్ వాళ్లు. బట్టీలకు పశ్చిమ ఒడిశా నుంచి పిల్లాపాపలతో వస్తారు. దీపావళి వెళ్లాక దిగి, తొలకరికి తిరిగి వెళ్లిపోతారు. వీళ్లలో ఒక్కరు కూడా గ్రంథాలయం గడప తొక్కరు. పిల్లలు కిటికీ దగ్గర నిలబడి చూసి వెళ్లిపోతారు.

అమెరికాలో స్పానిష్ మాట్లాడేవాళ్ల కోసం లైబ్రరీలు ప్రత్యేకంగా కథల గంటలు, పుస్తకాల అరలు, కార్డులు పెడతాయని చదివాం. ఆ పద్ధతుల్లో మన డెల్టాకు పనికొచ్చేవి ఏవి? చేతిలో 25,000 రూపాయలున్నాయి. ఒడియాలో 200 పుస్తకాలు తెప్పించి, బీరువా ఒకటి కొని, గుమ్మం మీద ఒడియాలో బోర్డు పెడదామనుకుంటున్నాం. ఎవరికీ ఇక్కడ చిరునామా కాగితం లేదు, మరి సభ్యత్వం ఎలా ఇవ్వాలి? తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

—

పెరటిమామిడి:

అమెరికాలో కౌంటీ లైబ్రరీల్లో స్పానిష్ సేవల పని తెలిసిన మనిషిగా చెబుతున్నానండి. ఆ 25,000 అలాగే ఉంచండి. మొదటి నెల ఒక్క పుస్తకం కూడా కొనొద్దు, బీరువా అసలే వద్దు.

అక్కడ లైబ్రరీలు ఎక్కువగా దెబ్బతిన్నది ఇక్కడే. 2020 జనాభా లెక్కల్లో అమెరికాలో లాటినోలు, అంటే లాటిన్ అమెరికా, స్పానిష్ దేశాల మూలాలున్నవాళ్లు, 6 కోట్ల 20 లక్షల మంది. అందరినీ కలిపి 'స్పానిష్ వాళ్లు' అనేసి, స్పెయిన్‌లో అచ్చయిన పుస్తకాలు పెట్టెలకొద్దీ తెప్పిస్తే, మెక్సికో నుంచి వచ్చిన కుటుంబానికి అందులో మాట తీరే కొత్తగా ఉంటుంది. గ్వాటెమాలా నుంచి వచ్చినవాళ్లలో చాలామందికి స్పానిష్ బడిలో నేర్చుకున్న భాష. ఇంట్లో మాట్లాడేది మామ్, కిచె లాంటి మాయా భాషలు. మీ దగ్గరా అంతే. బలాంగీర్, నువాపడా వైపు నుంచి బట్టీలకు వచ్చేవాళ్లు ఇంట్లో సంబల్‌పురి మాట్లాడతారు, బడిలో ఒడియా లిపి నేర్చుకుంటారు. వాళ్లలో గిరిజన కుటుంబాలుంటే ఇంటి భాష మళ్లీ వేరు. చెరువుల మీద బెంగాలీలుంటారు. 200 ఒడియా పుస్తకాలు కొంటే వీళ్లలో సగం మందికి అందకపోవచ్చు.

కాబట్టి ముందు భాష తెలుసుకోవాలి. 'మీదే భాష?' అని అడక్కండి. కొత్తవాళ్లు అడిగితే అందరూ 'హిందీ' అనే చెబుతారు, గొడవ లేకుండా పోతుందని. అమెరికాలో భాష గుర్తింపు కార్డులని వాడతారు, అది మీరూ చేసుకోవచ్చు. పోస్టుకార్డు సైజు అట్ట మీద 'ఇది నేను చదవగలను' అన్న ఒకే వాక్యాన్ని ఒడియా, బెంగాలీ, హిందీ, తెలుగు లిపుల్లో నాలుగు వరుసలు రాయించండి. ఏ వరుస మీద వేలు పెడితే అది. ఏదీ పెట్టకపోతే చదువు రాదని గుర్తు. మళ్లీ అడిగి చిన్నబుచ్చొద్దు. రెండో ప్రశ్న తల్లులను అడగండి: బిడ్డను నిద్రపుచ్చేటప్పుడు ఏ భాషలో పాడతారు? ఇంటి భాష అక్కడ తెలుస్తుంది. షెడ్డుకు ఎంతమంది, పిల్లల వయసులు, ఏ లిపి, ఏ భాష: ఈ నాలుగు గడులు చాలు. పేర్లు రాయొద్దు.

ఇక రెండోది, మనిషి. పుస్తకం కంటే ముందు ఆ భాష మాట్లాడే మనిషి గ్రంథాలయంలో కనపడాలి. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ 1921లో హార్లెమ్‌లోని 135వ వీధి శాఖలో పురా బెల్‌ప్రే అనే ప్యూర్తో రికో ఆవిడను ఉద్యోగంలో పెట్టుకుంది. ఆ లైబ్రరీలో పనిచేసిన తొలి ప్యూర్తో రికన్ లైబ్రేరియన్ ఆవిడ. రెండు భాషల్లో కథలు చెబుతూ, తోలుబొమ్మలాటలా చేతిబొమ్మలు ఆడిస్తూ, అప్పటిదాకా లైబ్రరీ ఇంగ్లీషు వాళ్లదనుకున్న కుటుంబాలను లోపలికి తీసుకొచ్చారు. ఆవిడ పేరు మీదే 1996 నుంచి పిల్లల పుస్తకాలకు బహుమతి ఇస్తున్నారు. మీ చుట్టుపక్కల ఒడియా బాగా మాట్లాడే అమ్మాయి ఎవరో ఒకరు ఉంటారు. ప్లాంటులో సూపర్‌వైజర్ భార్య కావచ్చు, ఇక్కడే స్థిరపడిన మేస్త్రీ కూతురు కావచ్చు. వారానికి ఒక గంట ఆవిడకు డబ్బులిచ్చి పిలవండి. ఉచిత సేవ అనొద్దు. మీ 25,000లో మొదటి ఖర్చు ఇదే కావాలి. గంటకు 200 చొప్పున 30 వారాలకు 6,000 అవుతుంది, బట్టీ సీజను మొత్తం గడుస్తుంది.

కథల గంట గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే చాలాచోట్ల చెడేది ఇదే. ఒక వాక్యం ఒడియాలో, వెంటనే అదే వాక్యం తెలుగులో చెప్పుకుంటూ పోకండి. అలా చేస్తే ప్రతి పిల్లాడూ తన భాష వచ్చేదాకా ఆగి, రెండోది మొదలవగానే పక్కవాణ్ణి గిల్లుతాడు. ఏ భాషా చెవికెక్కదు, కథ నిడివి రెట్టింపవుతుంది. కథ మొత్తం ఒడియాలో చెప్పించండి. మధ్యలో తిరిగి తిరిగి వచ్చే నాలుగైదు మాటలు మాత్రం రెండు భాషల్లోనూ పిల్లలందరి చేతా అనిపించండి. పులి, కప్ప, ఆకలి, పరుగెత్తు లాంటివి. మరుసటి వారం అదే కథ తెలుగులో. కథ ముందే తెలుసు కాబట్టి బట్టీ పిల్లలకు తెలుగు అర్థమవుతుంది. మన ఊరి పిల్లలకు మొదటి వారం బొమ్మలతో, చేతి సైగలతో సగం అర్థమై, మిగతా సగం కోసం రెండోసారి వస్తారు.

గొలుసు కథలు ఎంచుకోండి. మన ఏడు చేపల కథ ఉంది కదండీ, 'చేపా చేపా ఎందుకు ఎండలేదు' అంటూ ఒకదాన్నుంచి ఇంకొకదానికి పోతుంది. ఒడియా పిల్లలకూ అలాంటిదే 'కథాటిఏ కహుఁ, కి కథా? బెంగ కథా' అని మొదలయ్యే పాట ఉంది. కథ చెప్పనా, ఏం కథ, కప్ప కథ అని. ప్రశ్న ఒకళ్లు, జవాబు అందరూ. స్పానిష్ కథల గంట కూడా ఇలాంటి పాత పలుకుల మీదే నిలబడుతుంది. 'అబీయా ఊనా వెస్' అంటే అనగనగా. చివర్న 'కొలొరీన్ కొలొరాదో' అనగానే పిల్లలే అందుకుని కథ అయిపోయిందని ముగిస్తారు, మనం కథ కంచికి మనం ఇంటికి అన్నట్టు. ఇలాంటి మాట ఇంట్లోంచి వస్తే తల్లి కూడా గొంతు కలుపుతుంది. పుస్తకంలోంచి తర్జుమా చేసి చదివితే కలపదు.

మొత్తం 30 నిమిషాలు మించనివ్వకండి: పాట 5, కథ 10, లేచి ఆడే ఆట 5, బొమ్మ గీయడం 10. పిల్లలు 15 మంది దాటితే రెండు గుంపులు చెయ్యండి. ఆదివారం పొద్దున కాకుండా, బట్టీ వాళ్లకు వారం ఖర్చులిచ్చే రోజు, సంత రోజు ఏదో కనుక్కుని ఆ సాయంత్రం పెట్టండి. ఆ రోజు ఎలాగూ ఊళ్లోకి వస్తారు. చెరువుల వాళ్లకు ఇది కుదరదు, మేత వేళలు అడ్డం. వాళ్ల దగ్గరికి మీరే వెళ్లాలి.

పండగల సంగతి. 1996లో పాట్ మోరా అనే రచయిత్రి చొరవతో ఏప్రిల్ 30న 'పిల్లల రోజు, పుస్తకాల రోజు' అని అమెరికా లైబ్రరీల్లో మొదలైంది. మెక్సికోలో ఏప్రిల్ 30 పిల్లల దినం, అందుకే ఆ తేదీ. వాళ్ల రోజును పట్టుకోవడమే అందులో కిటుకు. మీ బట్టీ సీజన్‌కు ఏవి పడతాయో చూడండి. పశ్చిమ ఒడిశాలో అన్నిటికన్నా పెద్దది నువాఖాయి, కానీ అది వినాయక చవితి మర్నాడు, అప్పటికి వాళ్లింకా ఇటు రారు. జూన్ మధ్యలో రజ పండగకు తిరుగు ప్రయాణంలో ఉంటారు. కాబట్టి పుష్య పౌర్ణమికి వచ్చే పుష్ పునీ, ఫిబ్రవరి 21 మాతృభాషా దినం, ఏప్రిల్ 1 ఉత్కళ దినం మీకు అక్కరకొస్తాయి. ఒడిశా రాష్ట్రంగా ఏర్పడింది 1936 ఏప్రిల్ 1న. అయితే ఏడాదికొక్కసారి పండగ చేసి ఫొటో తీసి వదిలేస్తే ఎవరూ మళ్లీ రారు. వారం వారం కథల గంట నడుస్తున్న చోటే పండగ నిలబడుతుంది.

పెద్దవాళ్లకు ఏం పెట్టాలంటారా? అక్కడ స్పానిష్ వాళ్లు మొదట లైబ్రరీకి వచ్చేది నవల కోసం కాదు. ఇంగ్లీషు మాట్లాడటం, పౌరసత్వ పరీక్ష, ఫారాలు నింపడం. ఇక్కడైతే రేషన్. 'ఒకే దేశం ఒకే రేషన్ కార్డు' కింద సొంతూరి కార్డు మీద ఇక్కడి చౌకధరల దుకాణంలో బియ్యం తీసుకోవచ్చు, ఆధార్ వేలిముద్ర కలిస్తే చాలు. ఈ సంగతి చెరువు గట్టు మీద ఎంతమందికి తెలుసు? అసంఘటిత కూలీల కోసం కేంద్రం పెట్టిన ఇ-శ్రమ్ నమోదు కూడా అంతే, హెల్ప్‌లైన్ 14434. ఈ రెండూ ఒడియాలో, బెంగాలీలో ఒక్కో కాగితం మీద రాయించి గోడకు పెడితే, పుస్తకం పట్టని మనిషి కూడా లోపలికి వస్తాడు. తర్వాత 'మాట్లాడే తెలుగు' తరగతి: వారానికి 45 నిమిషాలు, అక్షరాలు వద్దు, కూలి లెక్క అడగడం, ఆసుపత్రిలో నొప్పి చెప్పుకోవడం, బస్సు ఎక్కడం.

—

పాతఅటక:

పెరటిమామిడి గారు చెప్పినవాటితో ఏకీభవిస్తూ, మన గ్రంథాలయ పద్ధతుల వైపు నుంచి కొన్ని కలుపుతానండి.

ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు వెళ్తుంది. కూలీ షెడ్డులో ఉన్నవాడు పన్ను కట్టలేదు కదా అని కొందరంటారు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద నడిచే పౌర గ్రంథాలయం పన్ను రసీదు చూసి లోపలికి రానిచ్చేది కాదు. కూర్చుని చదవడానికి సభ్యత్వమే అక్కర్లేదు. ఈ ఒక్క మాట ఒడియాలో గుమ్మం దగ్గర రాసి పెట్టండి, సగం జంకు పోతుంది.

ఇంటికి పుస్తకం ఇవ్వడానికే ధరావతు (డిపాజిట్), చిరునామా, పూచీ కావాలి. ఇక్కడ చాలామంది చేసే తప్పు యజమాని చేత పూచీ సంతకం పెట్టించడం. వద్దండి. బట్టీ యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకుని వచ్చినవాడికి పుస్తకం కూడా ఆయన చేతి మీదుగా వస్తే, అది ఇంకో అప్పులా కనపడుతుంది. ఆధార్ జిరాక్సులు కూడా అడక్కండి. కాగితాలు చూపించమంటే భయపడేవాళ్లున్నారు, బెంగాలీ మాట్లాడేవాళ్లు మరీను. దీనికి మన పద్ధతుల్లోనే దారి ఉంది: పుస్తక నిక్షిప్త కేంద్రం. శాఖా గ్రంథాలయం లేని చోట బాధ్యత తీసుకునే ఒకరి దగ్గర కొన్ని పుస్తకాలు ఉంచి, కొన్నాళ్లకు మార్చడం. బడి మాస్టారు గానీ, అంగన్‌వాడీ టీచరు గానీ, మీ సంఘమే గానీ పేరు మీద తీసుకుంటే, బట్టీ దగ్గర చదివేవాళ్ల ఒక్కొక్కరి చిరునామాతో పనే లేదు. దరఖాస్తు మీ లైబ్రేరియన్ గారి ద్వారా జిల్లా గ్రంథాలయ సంస్థకు పెట్టుకోవాలి.

పుస్తకం మనిషి దగ్గరికి వెళ్లడం మనకు కొత్త కాదు. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి నుంచి కొల్లూరు దాకా కృష్ణా కాలువ మీద పడవలో గ్రంథాలయం నడిపారు. చెరువు గట్టుకు మీరు సైకిల్ మీద ఒక రేకు ట్రంకుపెట్టె తీసుకెళ్తే చాలు. పెద్దల పుస్తకాలు 20, పిల్లల పల్చటి పుస్తకాలు 40, పెట్టెతో కలిపి 11, 12 కిలోలకు మించదు. 15 రోజులకొకసారి మార్చండి.

ట్రంకుపెట్టె సంగతి తేలిగ్గా తీసుకోకండి. చెరువు గట్టు మీద గాలే తడి. పెట్టెను నేల మీద పెడితే వారంలో అడుగు చెమ్మగిల్లి కింది పుస్తకాల అట్టలు ఉబ్బుతాయి. రెండు వరుసల ఇటుకల మీద పెట్టండి, గోడకు ఆనించకండి. పుస్తకాలు కుక్కి పెట్టొద్దు, చేయి దూరేంత సందు ఉండాలి. గుడ్డ మూటలో సిలికా జెల్ వేసి, తడిసినప్పుడు ఎండబెట్టుకుని మళ్లీ వాడుకోవచ్చు. సెల్లోఫేన్ టేపు అంటించొద్దు, ఉప్పు గాలికి ఏడాదిలో పచ్చబడి ఊడి, జిగురు మాత్రం పేజీకి పట్టేస్తుంది. చిరిగితే పల్చటి కాగితం, మైదా జిగురు, అందులో కాస్త మైలుతుత్తం. మైలుతుత్తం విషం కాబట్టి పిల్లల పుస్తకాలకు మాత్రం అది కలపొద్దు. అక్టోబరు, నవంబరుల్లో తుపాను హెచ్చరిక రాగానే పెట్టెలు వెనక్కి తెచ్చేయండి.

కేటలాగు. మీ లైబ్రేరియన్ గారికి ఒడియా రాదు, రేపు బదిలీ మీద వచ్చేవాళ్లకూ రాదు. పుస్తకం ఒకసారి తప్పు చోట దూరితే ఇక దొరకదు. అందుకని యాక్సెషన్ రిజిస్టరులో, అంటే గ్రంథాలయానికి వచ్చిన ప్రతి పుస్తకాన్నీ వరుస సంఖ్యతో ఎక్కించే పుస్తకంలో, పేరు తెలుగు లిపిలో పలికినట్టు రాసి, పక్కన అసలు లిపిలో కూడా రాయించండి. పుస్తకాలను విషయాన్నిబట్టి అంకెలతో విభజించే డ్యూయీ పద్ధతి ప్రకారం ఒడియా సాహిత్యం 891.456, బెంగాలీ 891.44, హిందీ 891.43. మన తెలుగు 894.827, కాబట్టి అరల్లో చాలా దూరం పడతాయి. సంఖ్య కింద రంగు పట్టీ ఒకటి, ఒక్కో భాషకు ఒక్కో రంగు, పుస్తకం వీపు అడుగు నుంచి 3 సెంటీమీటర్ల ఎత్తులో, కాలికో అనే బైండింగు గుడ్డ పట్టీ. లిపి రాని మనిషి కూడా రంగు చూసి సర్దగలడు.

విడిగా అర పెట్టాలా, తెలుగు పుస్తకాల్లో కలపాలా అన్నది ఎప్పుడూ ఉండే వాదన. నా అభిప్రాయం: పెద్దవాళ్ల పుస్తకాలు విడిగా, గుమ్మంలోంచి చూస్తే కనపడేలా. పిల్లల పుస్తకాలు మాత్రం కలిపే ఉంచాలి, తెలుగు పిల్లాడి చేతికి ఒడియా పుస్తకం పొరపాటుగా తగిలినా మంచిదే. అర మీద ఆ భాష పేరు ఆ లిపిలోనే రాయండి. 'కూలీల పుస్తకాలు' అని మాత్రం ఎక్కడా రాయకండి, నోటితో కూడా అనకండి.

కొనుగోలుకు వస్తే, నేషనల్ బుక్ ట్రస్ట్ పిల్లల పుస్తకాలు ఒడియాలో, బెంగాలీలో, తెలుగులో ఒకే బొమ్మలతో దొరికేవి ఉన్నాయి. అవి జతలుగా కొనండి. కోల్‌కతాలోని రాజా రామ్మోహన్ రాయ్ లైబ్రరీ ఫౌండేషన్ నుంచి పుస్తకాల సహాయం వస్తుంది, అది రాష్ట్రం ద్వారా రావాలి, సమయం పడుతుంది. పెద్దలకైతే బరంపురం రైల్లో ఒక పూట ప్రయాణం, ఎవరైనా వెళ్లి చేత్తో చూసి 30 పుస్తకాలు తేవడం మేలు. ఒకే వ్యాపారికి 'ఒడియా 200' అని ఆర్డరు పెడితే ఆయన దగ్గర అమ్ముడుపోనివి వస్తాయి. ముందుగా తేవలసింది ఒడియా పంజి, అంటే పంచాంగం. తర్వాత జగన్నాథ దాసు 16వ శతాబ్దంలో రాసిన ఒడియా భాగవతం. ఒడియా పల్లెల్లో భాగవత టుంగి అని ఊరంతా కూర్చుని దాన్ని చదివించుకునే చోటు ఉండేది. ఒకరు చదివితే పదిమంది వినే అలవాటున్న పుస్తకం కాబట్టి చదువు రానివాళ్లకూ పనికొస్తుంది.

ఇంకొక్కటి. బట్టీ పిల్లల్ని బడిలో చేర్చుకోమంటే టీసీ లేదంటారు. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం టీసీ ఆలస్యమైందని, వయసు కాగితం లేదని ప్రవేశం ఆపకూడదు. మీ గోడ మీది కాగితాల్లో దీన్నీ చేర్చండి.

—

అచ్చుగది:

బోర్డు, పోస్టర్ల గురించి ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నానండి. ఇక్కడ రెండు గోతులున్నాయి.

మొదటిది మాట. మన తెలుగు, వాళ్ల ఒడియా, బెంగాలీ, హిందీ అన్నీ సంస్కృతం మాటలు వాడతాయి కాబట్టి అదే మాట వాళ్ల లిపిలో రాసేస్తే సరిపోతుందనుకుంటాం. కొంప మునిగేది అక్కడే. 'ఆలస్య రుసుము' అని రాస్తే వాళ్లకు 'బద్ధకానికి జరిమానా' అని వినపడుతుంది, ఆ భాషల్లో ఆలస్యమంటే సోమరితనం. 'ఆదివారం ఉపన్యాసం' అంటే ఆదివారం నవల అని అర్థం. 'శిక్ష' వాళ్లకు చదువు, మనకు దండన. మనకు 'అవకాశం' అంటే వీలు, హిందీలో అది సెలవు. స్పానిష్‌లోనూ ఇలాంటిది ఉంది: 'లిబ్రెరియా' అంటే లైబ్రరీ అనుకుంటాం, అది పుస్తకాల కొట్టు. లైబ్రరీ అంటే 'బిబ్లియోతెకా'. ఫోన్‌లో యంత్రం చేసిన తర్జుమాను నేరుగా అచ్చుకు ఇవ్వకండి. కథలు చెప్పే ఆ అమ్మాయి చేత పైకి చదివించి, 'దీన్నిబట్టి మీరేం చేస్తారు?' అని అడగండి. ఆవిడ చెప్పింది మీరనుకున్నది కాకపోతే మార్చండి. ఒడియాలో గ్రంథాలయానికి 'పాఠాగార' అని అందరికీ తెలిసిన మాట ఉంది, పుస్తకానికి 'బహి'. 'బహి పఢంతు' అంటే పుస్తకం చదవండి. అలాంటి చిన్న మాటలే వాడండి.

రెండోది అచ్చు. మన దగ్గర డీటీపీ షాపుల్లో ఎక్కువగా పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో పని. అవి యూనికోడ్ (ఫోన్లలో, కంప్యూటర్లలో అన్ని లిపులకూ వాడే ఉమ్మడి పద్ధతి) కావు. మీరు వాట్సాప్‌లో ఒడియా మెసేజ్ పంపి 'ఇది కొట్టండి' అంటే పేజ్‌మేకర్‌లో అక్షరాల బదులు ఖాళీ పెట్టెలు గానీ, ప్రశ్న గుర్తులు గానీ పడతాయి. కొన్ని పాత సాఫ్ట్‌వేర్లలో అక్షరాలు వస్తాయి గానీ ఒత్తులు విడిపోతాయి. లిపి రాదు కాబట్టి షాపు వాళ్లకు ఆ తప్పు కనపడదు, ఫ్లెక్సీ కట్టేస్తారు. అందుకని నోటో సాన్స్ ఒరియా ఫాంటుతో మీరే కంప్యూటర్లో పేజీ తయారు చేసి పీడీఎఫ్‌గా పంపండి. ఫ్లెక్సీ అయితే పూర్తి సైజులో 100 డీపీఐ బొమ్మగా మార్చి ఇవ్వండి. ఒక ఏ4 నమూనా తీయించి, ఒడియా చదివే ఇద్దరికి చూపించి, ఆ తర్వాతే పెద్దది కొట్టించండి. 3 అడుగుల బోర్డు మీద అక్షరం 3 అంగుళాల ఎత్తుకు తగ్గకూడదు, రోడ్డు మీంచి చదవాలి.

పుస్తకాలు కొనకుండానే పిల్లలకు ఇచ్చే దారి స్టోరీవీవర్ అనే వెబ్‌సైటు. ప్రథమ్ బుక్స్ వాళ్లది, 2015 నుంచి ఉంది. ఒకే కథ ఒడియాలో, బెంగాలీలో, తెలుగులో దొరుకుతుంది, ఉచితంగా దించుకుని అచ్చు వేసుకోవచ్చు. పేర్లు, లైసెన్సు ఉన్న చివరి పేజీ తీసేయకూడదు. చదవడానికి తేలికైన ఒకటి, రెండు స్థాయిలవి తీసుకోండి. 16 పేజీల పుస్తకానికి ఏ4 కాగితాలు నాలుగు, రెండు వైపులా అచ్చు, మధ్యకు మడిచి రెండు పిన్నులు. పేజీలు నాలుగుతో భాగింపబడకపోతే చివర తెల్ల పేజీ కలపండి. ప్రింటర్‌లో 'బుక్‌లెట్' పెట్టి, పొట్టి అంచు మీద తిరిగేలా ఎంచుకోవాలి. పొడుగు అంచు పెడితే వెనక పేజీలన్నీ తలకిందులవుతాయి. 80 జీఎస్ఎం (కాగితం బరువు కొలత) కాగితానికి రంగు అవతలికి కనపడుతుంది, 100 వాడండి. అట్ట మాత్రం 200. ఒడియా, తెలుగు కలిపి ఒకే పుస్తకంగా కావాలంటే ఎడమ పేజీలో ఒకటి, కుడి పేజీలో ఒకటి, అక్షరం సైజు రెండింటికీ సమానంగా. చాలామంది రెండో భాషను చిన్న ఇటాలిక్ అక్షరాల్లో కింద ఇరికిస్తారు. పిల్లాడికి అది చూడగానే తన భాష చిన్నదని అర్థమవుతుంది.

—

కాలువగట్టు:

చాలా చాలా ధన్యవాదాలండి అందరికీ. బీరువా మానేశాం, భాష కార్డులు రాయిస్తున్నాం. రెండు సందేహాలు మిగిలాయి. బట్టీ దగ్గర మేస్త్రీ 'ఎందుకొచ్చారు, ఎవరు పంపారు' అని అడ్డుపడతాడేమోనని ఒకటి. జూన్‌లో అందరూ వెళ్లిపోయేటప్పుడు పుస్తకాలు వెనక్కి రాకపోతే రిజిస్టరులో ఏం రాయాలన్నది రెండోది.

—

పెరటిమామిడి:

మేస్త్రీకి ముందే చెప్పి వెళ్లండి, కానీ అనుమతి అడిగినట్టు కాకుండా. 'పిల్లలకు కథలు చెప్పడానికి సంత రోజు సాయంత్రం అరగంట వస్తాం, మీ పిల్లల్ని కూడా తీసుకురండి' అంతే. మొదటి రెండు నెలలు కూలి లెక్కల జోలికి, అడ్వాన్సు సంగతికి వెళ్లకండి. రేషన్, ఇ-శ్రమ్ కాగితాలు గ్రంథాలయం గోడ మీదే ఉండనివ్వండి, బట్టీలో పంచకండి. ఎవరు వచ్చారు, ఎవరు ఏం చదివారు అన్న వివరం మేస్త్రీకి గానీ, యజమానికి గానీ, ఇంకెవరికి గానీ చెప్పొద్దు. అమెరికా లైబ్రరీలు స్పానిష్ కుటుంబాల నమ్మకం సంపాదించింది ఈ ఒక్క నియమం వల్లే: పాఠకుడి వివరం బయటికి పోదు, కాగితాలున్నాయా లేవా అని అడగరు. పేర్లు రాయొద్దన్నది అందుకేనండి, రాసుంటే ఎవరో ఒకరు అడుగుతారు.

జరిమానా పెట్టకండి. ఆలస్యానికి డబ్బు వసూలు చెయ్యడం పేదవాళ్లను దూరం చేస్తుందని అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ 2019లో తీర్మానమే చేసింది. చాలా ఊళ్లలో ఎత్తేశారు.

—

పాతఅటక:

రిజిస్టరు సంగతి నేను చెబుతానండి. జిల్లా గ్రంథాలయ సంస్థ పుస్తకాలు, మీరు అచ్చు వేసిన పుస్తకాలు మొదటి నుంచే విడిగా ఉంచండి. యాక్సెషన్ సంఖ్య పడినవి ట్రంకుపెట్టె దాటి ఇంటికి పోకుండా అక్కడే చదివించండి, నిక్షిప్త కేంద్రం పేరు మీదున్న పుస్తకం పోతే బాధ్యత సంతకం పెట్టినవాళ్లది. అచ్చుగది గారు చెప్పిన పిన్ను పుస్తకాలకు సంఖ్య వెయ్యకండి, స్టాకులో చూపకండి. అవి పంచేవి. మే నెలాఖరుకు పెట్టెలు లెక్క చూసి వెనక్కి తెచ్చుకోండి, బట్టీలు ఆగేది వాన పడిన రోజే కాబట్టి జూన్ దాకా చూడొద్దు. రాత్రికి రాత్రి లారీ ఎక్కేస్తారు.

వెళ్లేటప్పుడు ప్రతి పిల్లాడికీ ఒడియా, తెలుగు కలిసిన పుస్తకాలు రెండు ఇచ్చి పంపండి. వాటితో పాటు ఒక అట్ట ముక్క: పిల్లాడి పేరు, ఈ సీజన్‌లో చదివిన పుస్తకాల పేర్లు, ఏ స్థాయి దాకా చదవగలడో ఒక వాక్యం, ఒడియాలో. సొంతూళ్లో బడి తెరిచాక మాస్టారికి చూపించుకుంటారు. అందులో మీ గ్రంథాలయం పేరు రాయండి, బట్టీ పేరు రాయొద్దు.